క్రిస్మస్ కలిపి చేసేముందు శ్మశానం సంగతి తేలాలి

ప్రశ్న: మా ఊళ్ళో చర్చిలు రెండు. ఒకటి మాలపల్లెలో, ఒకటి మాదిగపల్లెలో. రెండూ ఒకే మిషను కట్టించినవి, పాస్టరుగారు కూడా ఒక్కరే. ఆదివారం మా చర్చిలో ఎనిమిదింటికి, అక్కడ పదకొండింటికి ఆరాధన. నేను మాలపల్లె చర్చి యూత్ కార్యదర్శిని. ఈ ఏడు క్రిస్మస్ కలిపి చేద్దామని, ఒకే స్టేజీ, ఒకే విందు పెడదామని మా యూత్ అనుకుంది. పాటలూ నాటికా అయితే సరేగానీ ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభు రాత్రి భోజనం) మాత్రం కలిపి వద్దని మా పెద్దలు అన్నారు. ఒక పెద్దాయన అపొస్తలుల కార్యములు 17:26 చదివి, జాతులకు పొలిమేరలు పెట్టింది దేవుడే కదా అన్నారు. అవతలి చర్చి యూత్‌ని కలిస్తే, "రెండేళ్ళ కింద మా మనిషి శవాన్ని శ్మశానం దారిలో ఆపేశారు, ముందు ఆ సంగతి చెప్పండి" అన్నారు. అప్పుడు నేను చదువుకోసం హైదరాబాద్‌లో ఉన్నాను. జాతి వివక్ష మీద, దక్షిణాఫ్రికా మీద ప్రసంగాలు చాలా విన్నాను. అవి మా ఊరికి ఎలా పనికొస్తాయి? ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా

సమాధానం: అవతలి యూత్ చెప్పిందే సరైన వరస. ఈ డిసెంబరుకు కలిపి స్టేజీ వేయకండి. శవాన్ని ఆపిన సంగతి తేలకుండా ఒకే పందిట్లో పాటలు పాడితే, ఆ కుటుంబానికి అది రెండో అవమానం అవుతుంది. మత్తయి 5:23–24లో ప్రభువు చెప్పిన వరస కూడా ఇదే. అర్పణ తెచ్చినవాడు దాన్ని బలిపీఠం దగ్గరే విడిచి, ముందు వెళ్ళి సమాధానపడాలి. అక్కడ లేచి వెళ్ళవలసింది ఎవరో గమనించండి. ఎవరిమీద సహోదరుడికి విరోధం ఉందో వాళ్ళే వెళ్ళాలి. నష్టపోయినవాళ్ళు వచ్చి తలుపు తట్టేదాకా చూడకూడదు. మీ ఊళ్ళో ఆ మొదటి అడుగు మీ పల్లెది. మీరు ఆ రోజు ఊళ్ళో లేకపోయినా, మీ చర్చి తరఫున నిలబడుతున్నారు కాబట్టి ఆ భారం మీకూ వస్తుంది.

ముందు ఆ పెద్దాయన చదివిన వాక్యం చూద్దాం. దక్షిణాఫ్రికాకూ మీ ఊరికీ ఉన్న సంబంధం అక్కడే ఉంది. కేప్ ప్రాంతపు డచ్ రిఫార్మ్డ్ చర్చిలో 1829 సినడు (చర్చి ప్రతినిధుల సభ), చర్మం రంగుతో పనిలేకుండా అందరికీ ఒకేసారి ప్రభు రాత్రి భోజనం ఇవ్వాలని తేల్చి చెప్పింది. తర్వాత కొన్ని ఊళ్ళలో తెల్లజాతి సభ్యులు నల్లవాళ్ళ పక్కన బల్ల దగ్గరకు రామన్నారు. 1857 సినడు ఏమందంటే, అందరూ ఒకే సంఘంలో ఉండటమే వాక్యానుసారం, అయితే "కొందరి బలహీనత వల్ల" పని ఆగిపోతుంటే వేరుగా కూడుకోవచ్చు అంది. అంటే తప్పని తెలిసే, తాత్కాలికంగా ఇచ్చిన సడలింపు అది. 1881కల్లా కలర్డ్ అని పిలిచే మిశ్రమ సంతతి ప్రజలకు వేరే చర్చే ఏర్పడింది. 1948లో అపార్తీడ్ (జాతుల్ని చట్టంతో వేరుచేసే విధానం) ప్రభుత్వం వచ్చేనాటికి ఆ వేరుపాటు దేవుడి ఏర్పాటు అయిపోయింది. 1974లో ఆ తెల్లజాతి చర్చి జాతుల సంబంధాల మీద ఒక నివేదిక ఇచ్చింది. అందులో ఎత్తి చూపిన వాక్యాల్లో భాషలు తారుమారైన బాబెలు గోపురం కథ ఒకటి, మీ పెద్దాయన చదివిన అపొస్తలుల కార్యములు 17:26 ఒకటి.

ఆ వచనాన్ని తర్వాతి వచనంతో కలిపి చదవండి. దేవుడు "ఒకనినుండి" ప్రతి జాతినీ సృష్టించాడని మొదలవుతుంది, వాళ్ళు తనను వెదకడానికే కాలాలూ పొలిమేరలూ ఏర్పరచాడని ముగుస్తుంది. పౌలు ఏథెన్సులో యవనులను, అంటే గ్రీకులను, పిలుస్తున్నది యూదులతో కలిసి ఒకే దేవుణ్ణి ఆరాధించడానికి. అలాంటి మాటను బల్లకు అడ్డుగోడగా వాడితే పౌలును పౌలు మీదికే ఎగదోసినట్టు. పైగా మాలపల్లెకూ మాదిగపల్లెకూ మధ్య ఉన్నది జాతుల పొలిమేర కాదు. ఇద్దరినీ ఊరికి అవతల కూర్చోబెట్టిన కులవ్యవస్థ, మీ మధ్య కూడా మెట్లు పెట్టింది. మిషనరీల కాలంలో పల్లెలు వేరు కాబట్టి ప్రార్థన షెడ్లూ వేరుగా వేశారు. మొదట వసతి కోసమే. అది మూడు తరాల తర్వాత సిద్ధాంతంగా మారింది, కేప్‌లో మారినట్టే.

మన పక్కనే తమిళ సంఘాల్లోనూ ఇది జరిగింది. అక్కడ లూథరన్ మిషనరీలు కూర్చునే చోటులోనూ బల్ల దగ్గరా కులభేదాన్ని చూసీచూడనట్టు వదిలేశారు. 1833లో కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్, చర్చిలో కులాన్ని తక్షణం, శాశ్వతంగా వదిలేయాలని ఉత్తర్వు పంపారు. తంజావూరులోనూ మద్రాసు వేపేరీలోనూ చాలామంది పై కులాల సభ్యులు చర్చి మానేశారు. ఉత్తర్వు న్యాయమైనదే. కాకపోతే పై నుంచి వచ్చిన కాగితం ఒక్కటే ఒక పల్లె వాళ్ళను ఇంకో పల్లె వాళ్ళ పక్కన మోకరించేలా చేయలేదు. అందుకే మీ బిషప్‌గారికో ప్రెసిడెంటుగారికో ఫిర్యాదు రాయడంతో మొదలుపెట్టవద్దని అంటున్నాను.

ఆ పెద్దాయనతో ఈ మాటలు సంఘకూటంలో నలుగురి ముందు వాదించకండి. సాయంత్రం ఆయన ఇంటికి వెళ్ళండి, బైబిలు తీసుకుని గలతీ రెండో అధ్యాయం 11 నుంచి 14 దాకా ఆయన చేతే చదివించండి. కేఫా, అంటే పేతురు, అంతియొకయలో అన్యజనులతో కలిసి భోంచేస్తూ, యెరూషలేము నుంచి మనుషులు రాగానే వాళ్ళకు భయపడి వెనక్కి తగ్గాడు. ఆయన సిద్ధాంతం మార్చుకోలేదు, కంచం మాత్రమే మార్చుకున్నాడు. అదే సువార్త సత్యానికి విరుద్ధమని పౌలు ముఖాముఖి ఎదిరించాడు. దక్షిణాఫ్రికాలో కలర్డ్ చర్చి 1982లో కేప్‌టౌన్ దగ్గర బెల్‌హార్‌లో ఒక విశ్వాస ప్రకటన తయారుచేసి, 1986లో ఆమోదించింది. సంఘ ఐక్యత, సమాధానం, న్యాయం అనే మూడు మాటల చుట్టూ అది తిరుగుతుంది. దానికి జతచేసిన లేఖలో, ఇది ఫలానా మనుషుల మీద రాసింది కాదు, తప్పుడు బోధ మీద రాసింది అన్నారు. మీరూ ఆ పెద్దాయనతో ఆ తేడా పాటించండి. ఆయన్ను ఓడించడం మీ పని కాదు.

ఇక శ్మశానం. ఇక్కడ తొందరపడితే అన్నీ చెడతాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

క్రిస్మస్ హడావుడి అయ్యాక, జనవరిలో రెండు చర్చిల నుంచీ ముగ్గురు చొప్పున ఆరుగురు కూర్చోండి. ప్రతి ముగ్గురిలో కనీసం ఒక స్త్రీ ఉండాలి. ఎవరింట్లో ఎవరు నీళ్ళు ముట్టుకుంటారో, ఎవరు ముట్టుకోరో స్త్రీల సమాజం వాళ్ళకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. పాస్టరుగారిని అధ్యక్షుడిగా పెట్టకండి. ఆయన ఇద్దరికీ పాస్టరు, జీతం ఇద్దరి కానుకల నుంచీ వస్తుంది. తీర్పరిగా కూర్చోబెడితే ఏదో ఒక పల్లెకు ఆయన దూరమవుతారు, రెండేళ్ళకో మూడేళ్ళకో బదిలీ అయితే పని మొత్తం ఆగిపోతుంది. ప్రార్థన చేసి, వాక్యం చెప్పి, వినడానికి ఆయన ఉంటే చాలు. పంచాయతీ ఎన్నికలు దగ్గర్లో ఉంటే అవి అయ్యేదాకా ఆగండి. లేకపోతే ప్రతి అభ్యర్థీ దీన్ని తన ఓట్ల లెక్కలోకి లాక్కుంటాడు.

ఒక నోటుబుక్కు పెట్టండి. ఆ రోజు తేదీ, చనిపోయినవారి పేరు, శవాన్ని ఏ చోట ఆపారు, ఎవరు ఆపారు, ఏమన్నారు, ఎంతసేపు ఆగింది, చివరికి ఎక్కడ పూడ్చారు, కుటుంబానికి అదనంగా ఎంత ఖర్చయింది, ఇవన్నీ రాయండి. అవతలివాళ్ళు చెప్పింది ఒక పేజీలో, మీవాళ్ళు చెప్పింది ఎదురు పేజీలో రాయండి. రెండిటినీ కలిపి ఒక మధ్యే మాట తయారుచేయకండి. ఆరుగురివి తప్ప ఊళ్ళోవాళ్ళెవరి సంతకాలూ అడగకండి. చర్చి కాగితం మీద పేరు పడితే కులధ్రువపత్రానికి ఇబ్బంది వస్తుందేమోనని రెండు పల్లెల్లోనూ భయం ఉంటుంది. 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా క్రైస్తవులైన దళితులను ఎస్సీ జాబితా బయట ఉంచింది. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు, క్రైస్తవులను ఇంతవరకు చేర్చలేదు. ఆ దెబ్బ ఇద్దరికీ ఒకటే. ఇద్దరూ కలిసి మాట్లాడుకోగలిగిన బాధ అది. ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకోండి కూడా.

రాయడం అయ్యాక ఆ కుటుంబం ఇంటికి వెళ్ళాలి. మొదటిసారి మీరు, ఇంకో ఇద్దరు చాలు. ఫోన్లు బయటికి తీయకండి, పండ్లూ చీరా పట్టుకెళ్ళకండి. పండ్లబుట్ట చూస్తే వాళ్ళు మొహమాటపడి అసలు మాట మింగేస్తారు. కూర్చోమంటే కూర్చోండి, టీ ఇస్తే తాగండి, వాళ్ళు చెప్పింది వినండి. "మావాళ్ళ ఉద్దేశం అది కాదమ్మా" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. రెండోసారి వెళ్ళాల్సింది ఆపినవాళ్ళు. వాళ్ళలో ఒక్కరు ఒప్పుకున్నా ఆ ఒక్కరినే తీసుకెళ్ళండి. అక్కడ చెప్పవలసిన మాట పొడుగ్గా ఉండనక్కర్లేదు: "ఆ రోజు మీ నాయన శవాన్ని దారిలో ఆపింది నేనే. మీ కులం చూసి ఆపాను. అది మీపట్లా దేవుడిపట్లా పాపం. మళ్ళీ అలా జరగకుండా ఫలానా పని చేస్తాను." "ఎవరి మనసైనా నొచ్చుకుని ఉంటే క్షమించండి" అనేది క్షమాపణ కింద లెక్కకు రాదు, అందులో తప్పు చేసినవాడే లేడు. చెప్పాక వెంటనే "క్షమించామని చెప్పండి, ప్రార్థన చేసుకుందాం" అని ఒత్తిడి చేయకండి. వాళ్ళు ఆ రోజు క్షమించకపోవచ్చు, ఆరు నెలలు పట్టవచ్చు. అది వాళ్ళ హక్కు.

ఈ జాగ్రత్త ఎందుకో దక్షిణాఫ్రికాలోనే చూడవచ్చు. 1990 నవంబరులో రుస్టెన్‌బర్గ్‌లో చర్చిలన్నీ కూడిన సభలో, తెల్లజాతి చర్చి వేదాంతి విలీ యోంకర్ తన పాపాన్నీ తన చర్చి పాపాన్నీ అందరి ముందు ఒప్పుకున్నారు. నల్లజాతి ఆర్చిబిషప్ డెస్మండ్ టూటూ అక్కడికక్కడే లేచి ఆ క్షమాపణను అంగీకరించారు. గొప్ప ఘట్టమే. కానీ కొందరు నల్లజాతి ప్రతినిధులు, మా అందరి తరఫునా క్షమించడానికి ఒక్కరికి అధికారం ఎవరిచ్చారు, ఒప్పుకున్న చర్చి ఇప్పుడు ఏం చేయబోతోంది అని అడిగారు. తర్వాత టూటూ అధ్యక్షతనే సత్య, సమాధాన కమిషన్ అపార్తీడ్ కాలపు నేరాల మీద 1996లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. రాజకీయ కారణంతో నేరం చేసి, పూర్తి నిజం చెప్పినవాళ్ళకు క్షమాభిక్ష దొరికింది. బాధితులకు ఆరేళ్ళపాటు ఏటా సుమారు 21 వేల ర్యాండ్లు ఇవ్వాలని కమిషన్ సిఫారసు చేస్తే, ప్రభుత్వం 2003లో ఒకేసారి 30 వేల ర్యాండ్లు ఇచ్చి సరిపెట్టింది. క్షమాపణ ముందు నడిచి, నష్టపరిహారం ఎంతో వెనకపడితే నష్టపోయినవాళ్ళకు మోసపోయినట్టే ఉంటుంది. యెరికోలో పన్నులు వసూలుచేసే జక్కయ్య ఆ పొరపాటు చేయలేదు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని అక్కడే లెక్క చెప్పాడు.

మీ ఊళ్ళో ఆ లెక్క శ్మశానమే. సచివాలయంలో సర్వేయరును అడిగి ఆ భూమి పోరంబోకా, మిషను పట్టానా తెలుసుకోండి. రెండిట్లో ఏదైనా, ఒక పల్లెకు ఇంకో పల్లె శవాన్ని ఆపే హక్కు లేదు. తర్వాత రెండు సంఘాలూ ఒకే తీర్మానం రాసుకోవాలి. సమాధులు చనిపోయిన వరసలోనే వస్తాయి, పల్లె వరసలో రావు. గేటు ఉంటే తాళంచెవులు రెండు, ఇటొకటి, అటొకటి. పెట్టెకూ గుంట తవ్వడానికీ ఒకే నిధి, దాంట్లోంచి ఎవరికైనా ఒకే మొత్తం. ఆ కుటుంబానికి అయిన అదనపు ఖర్చు ఆపినవాళ్ళు ఇవ్వాలి. వాళ్ళు ఇవ్వకపోతే మీ చర్చి ఇవ్వాలి. ఇంకొక్క మాట. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పేరుతో శ్మశానానికి పోనివ్వకపోవడం నేరం. ఆ కుటుంబం కేసు పెట్టి ఉంటే, సమాధానం పేరు చెప్పి దాన్ని వెనక్కి తీసుకోమని అడగకండి. అడిగితే మీరు చేసిన పని అంతా కేసు మాఫీ కోసమే అనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పు కూడా లేదు.

ఇవన్నీ లెంట్ (ఈస్టర్ ముందటి ఉపవాస కాలం) నలభై రోజుల్లో కుదిరితే ఈస్టర్‌కు ముందు శనివారం రెండు పల్లెల వాళ్ళూ కలిసి సమాధులకు సున్నం వేయండి. మీవాళ్ళు వాళ్ళ సమాధులకు, వాళ్ళు మీవాటికి. తెల్లవారుజామున కొవ్వొత్తులతో చేసే ఆరాధన అక్కడే అందరికీ ఒకటే పెట్టుకోవచ్చు. ఆ ఏడు కుదరకపోతే తర్వాతి ఏడు పెట్టుకోండి.

ఆ తర్వాతే బల్ల. మొదటిసారి ప్రభు రాత్రి భోజనం మాదిగపల్లె చర్చిలో జరగాలి, మీవాళ్ళు నడిచి అక్కడికి వెళ్ళాలి. చిన్న చర్చిని పెద్ద చర్చిలోకి రమ్మనడం కలయిక కాదు, వాళ్ళను మింగేయడం అవుతుంది. అదే కారణంగా ఏ భవనాన్నీ ఇప్పట్లో మూయకండి, నెల మార్చి నెల అటూ ఇటూ కూడండి. రొట్టె ఒక నెల ఒక పల్లె ఇంట్లో, మరుసటి నెల ఇంకో పల్లె ఇంట్లో తయారవ్వాలి. బల్ల దగ్గరకు బెంచీల వరస ప్రకారం పిలవకండి. మీవాళ్ళు ఒకపక్క, వాళ్ళు ఒకపక్క కూర్చుంటారు కాబట్టి, ఒక వర్గం ముందు తిని తాగి లేచాక ఇంకో వర్గం వస్తుంది. కొరింథులో పౌలు తిట్టింది సరిగ్గా దీన్నే. వచ్చినవాళ్ళు వచ్చినట్టు మోకరించాలి, పంచేటప్పుడు మీ పెద్ద వాళ్ళవైపు, వాళ్ళ పెద్ద మీవైపు నడవాలి. మీ చర్చిలో ఎప్పటినుంచో చిన్న గ్లాసులే వాడుతుంటే అలాగే వాడండి. ఇన్నేళ్ళూ ఒకే గిన్నెలో తాగి, ఆ నెల మాత్రం ఎవరైనా ఆరోగ్యం పేరు చెప్పి వేరే గ్లాసులు అడిగితే, ఎందుకని నెమ్మదిగా అడగండి. ఆ ఆదివారం కొందరికి సరిగ్గా ఊరెళ్ళే పని పడుతుంది. వాళ్ళను సభలో పేరు పెట్టి అనకండి, తర్వాతి నెల మళ్ళీ పిలవండి.

విందు పెట్టేటప్పుడు చాలా ఊళ్ళలో కేటరింగ్‌కు ఇచ్చేసి చేతులు దులుపుకుంటారు. అలా అయితే ఎవరూ ఎవరి చేతి కూడూ తినకుండానే అందరూ భోంచేసి వెళ్ళిపోతారు. రెండు పల్లెల ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకే పొయ్యి దగ్గర వండాలి, ఒకే బంతిలో తినాలి. పెద్దకూర తినే ఇళ్ళూ తినని ఇళ్ళూ ఉంటాయి. దాన్ని పరీక్షగా పెట్టకండి, కోడికూర చాలు.

కమిటీ విషయం అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోనే ఉంది. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు వడ్డనలో అన్యాయం జరిగిందని సణుగు పుట్టింది. అప్పుడు ఎన్నుకున్న ఏడుగురూ, స్తెఫను నుంచి నీకొలాసు దాకా, గ్రీకు పేర్లవాళ్ళే. అన్యాయం జరిగినవైపు వాళ్ళ చేతికే వడ్డన అప్పగించారు. ఉమ్మడి పనులకు కోశాధికారి మాదిగపల్లె నుంచి ఉండాలి, బ్యాంకు ఖాతాకు రెండు సంతకాలు, ఇటొకటి అటొకటి.

ఎస్సీ వర్గీకరణ (ఎస్సీ కోటాను కులాలవారీగా పంచడం) గొడవ మీ దాకా రాకుండా ఉండదు. దాన్ని కోరిన మాదిగ దండోరా ఉద్యమం 1994లో మొదలైంది మీ జిల్లా ఈదుమూడిలోనే. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచింది, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ అమలుకు దిగాయి. దీనిమీద రెండు పల్లెలకూ రెండు అభిప్రాయాలు ఉంటాయి, ఉండనివ్వండి. కలవాలంటే మీ డిమాండు వదులుకోండి అని ఎవరూ ఎవరికీ షరతు పెట్టకూడదు. కండువాలతో చర్చిలోకి రావద్దనే నియమం మాత్రం ఇద్దరికీ సమానంగా పెట్టండి.

మీ పెద్దలు ఏడాది తర్వాత కూడా ఒప్పుకోకపోతే ఏం చేయాలన్నది మిగిలింది. యూత్ అంతా లేచి మూడో చర్చి పెట్టకండి. బల్ల ఉన్న ఆదివారం ఎనిమిదింటికి మీ చర్చిలో ఆరాధనకు కూర్చోండి, అక్కడ బల్ల తీసుకోకండి. అవతలి సంఘం సరేనంటే, పాస్టరుగారికి ముందే చెప్పి, మీరూ మీ ఇంటివాళ్ళూ పదకొండింటికి నడిచి వెళ్ళి అక్కడ తీసుకోండి. ఇచ్చేది అదే పాస్టరుగారు, అదే రొట్టె. ఎందుకు వెళ్ళారని మీ పెద్దలు అడిగితే, గలతీ రెండో అధ్యాయం వాళ్ళ ముందు పెట్టండి. తప్పని వాళ్ళు అనదలుచుకుంటే, సంఘం ముందు కారణం చెప్పి అననివ్వండి.